పెన్‌డ్రైవ్‌ల నెమలి

రాత్రి తొమ్మిదిన్నర.
వారాసిగూడ గల్లీల కుట్టు మిషన్లన్నీ పండుకున్నయి.
నాది కుట్టు మిషన్ కాదు, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ,
పన్నెండు సూదులది, కిస్తీ ఇంకా పద్నాలుగు నెలలుంది.
దానికి పూలు చెప్పే లాప్‌టాప్
పొద్దటిసంది నోరు విప్పుతలేదు.

విండోస్ గుర్తు దాకా వస్తది, నల్లగైతది.
మళ్ల వస్తది. మళ్ల నల్లగైతది.
గడప దాకా వచ్చి
చెప్పులిడవకుండనే మర్లిపోయే చుట్టంలెక్క.

ఫోన్ల మోయిజ్ భాయ్.
సీటీసీల దుకాణం బందు చేసి బస్సులున్నడు.
"హార్డ్‌డిస్క్ బానే ఉంటది, పరేషాన్ కాకు.
పెన్‌డ్రైవ్‌ల లినక్స్ ఏసిచ్చిన గద,
దాని మీంచి లేపు, ఫైళ్లు బయటికి తీసుకో.
ఎఫ్ పన్నెండు. ఆన్ చెయ్యంగనే. ఆగకుండ కొడ్తుండు."

కొట్టిన.
లోపల మనుషులున్నరని తెలిసి
తలుపు కొట్టినట్టు కొట్టిన.

లిస్టు వచ్చింది.
అందుల హార్డ్‌డిస్క్ పేరుంది,
ఎన్నడూ కలపని నెట్‌వర్క్ పేరుంది,
కండ్ల ముందట లైటు మిణుకుతున్న
నా పెన్‌డ్రైవ్ పేరు మాత్రం లేదు.

"సెటప్ లోపలికి పో. సెక్యూర్ బూట్ అని ఉంటది, సూడు."
ఉంది. ఎనేబుల్డ్ అని ఉంది.
"అంటే ఏంది భాయ్?"
"తెలిసినోళ్ల సంతకం లేకుంటే లోపలికి రానియ్యదు."

నవ్వొచ్చింది.
ఈ గది కోసం తిరిగిన పదకొండు ఇండ్లల్ల
తొమ్మిదింట ఇదే సెట్టింగు.
మంచినీళ్లిచ్చి, అడ్వాన్సు మాట్లాడి,
ఆఖరికి, ఏదో యాదికొచ్చినట్టు,
"ఇంతకీ మీరేమిట్లమ్మా?"
ఆడ నా చేతికి ఏ మీటా దొరకలె.
ఈడ దొరికింది.
బాణం కిందికి. ఎంటర్. డిసేబుల్డ్.
ఎఫ్ పది. నిజంగనేనా అంటే నిజంగనే.
ఇంత అల్కగ అయ్యే పనే అది.

అయినా రాలె.

ఎడమ దిక్కు తీసి కుడి దిక్కు పెట్టిన.
నీలం సందుల తీసి నల్ల సందుల పెట్టిన.
ఊది పెట్టిన. చున్నీతోని తుడిచి పెట్టిన.
బ్యాటరీ గుంజి ముప్పై లెక్కబెడితే
ఇరవై తొమ్మిది కాడ మోయిజ్ భాయ్ స్టేజీ వచ్చింది.
"అరే, ఆ పెన్‌డ్రైవే నకిలీదేమో.
అరవై నాలుగు జీబీ రెండొందలకు ఎవడిస్తడు?
వేరేది లేదా?"

ఉంది. మిషన్‌కు గుచ్చి ఉంది.
నాలుగు జీబీది, మూత పోయింది,
ఎర్ర దారం కట్టి ఉంటది.
మా మిషన్ అదొక్కదాన్నే సదువుతది.

మూలమీద దశరథ్ జెరాక్స్ షాపు
సగం షటర్ గుంజి ఉంటే వంగి దూరిన.
ఆ పిల్లగాడు రెండు నొక్కులల్ల
పాతదంత తుడిచి లినక్స్ ఎక్కించిండు.
నలభై రూపాయలు తీసుకున్నడు.
రోడ్డు దాటుతుంటే యాదికొచ్చింది.
దాంట్ల నెమలి ఉండె.

పదకొండు వేల ఆరొందల కుట్లు,
మెడ తిప్పి ఎనకకు చూసే నెమలి.
జెరాక్స్ షాపుల నిలబడి
ఒక్క నకలు తీసి పెట్టుకుందామని తోచలె నాకు.

ఈసారి లిస్టుల పేరుంది.
నల్ల తెర మీద తెల్ల అక్షరాలు
వాన నీళ్లోలె కిందికి జారినయి,
ఆగినయి, ఊపిరి ఆపుకున్న, మళ్ల జారినయి.
తెరుచుకుంది.
శ్రావణం ఫోల్డరు, పెండ్లిళ్ల ఫోల్డరు,
మామిడి పిందెలు, కమలాలు, ఏనుగుల వరుస,
మూడు వందల పన్నెండు.
రెండుసార్లు ఎతికిన. నెమలి లేదు.

"లేచిందా?" అని మెసేజ్ పెట్టిండు మోయిజ్ భాయ్.
లేచిందని పెట్టిన.

చింపిరి గుడ్డల సంచి కుమ్మరిస్తే
అడుగున దొరికింది, ట్రయల్ కుట్టిన ముక్క,
తోక కాడ దారం తెగి పడేసింది.
తిప్పి పట్టుకున్న.
కుట్టు ఏడ మొదలైందో
ఎనక దిక్కే కనబడుతది.
ముడి కన్ను కాడ ఉంది.
ఆడికెల్లి లెక్కబెట్టుడు షురూ చేసిన.